చుట్టాలను ఇంటోళ్లను చేసిన పెద్దమ్మ

మొన్న మంగళవారం ఏడో తరగతిలో హిందీ పాఠం చెప్తుండగా టేబుల్ మీద ఫోన్ కదిలింది. చూస్తే సోమ్రా. బడి వేళల్లో అతనెప్పుడూ ఫోన్ చేయడు. పిల్లలను చదువుకోమని చెప్పి వరండాలోకి వచ్చి ఎత్తాను. సోమ్రాది జార్ఖండ్. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి తీసే ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు. హిందీ టీచర్ని కదా అని నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడతాడు. ఆరోజు మాత్రం అచ్చం మా గోదావరిఖని మనిషిలాగే అన్నాడు.

"టీచరమ్మా, పెద్దమ్మ పోయింది. జల్ది రా."

ఆ యాస అతనికి అబ్బింది పెద్దమ్మ దగ్గరే.

నేను షేర్ ఆటో పట్టుకుని చౌరస్తాలో దిగి సందులోకి వెళ్లేసరికి ఆమె రేకుల ఇంటి ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. పొద్దున టీ పెట్టుకుని, గిన్నె దించుకుని, మంచం మీద కూర్చుని అట్లాగే పక్కకు ఒరిగిపోయిందట. రోజూ పొద్దున పలకరించి పోయే సోమ్రా భార్య ఫూల్మనీ వెళ్లి చూసేటప్పటికి టీ ఇంకా వేడిగానే ఉందట. మధ్యాహ్నానికి మంచిర్యాల నుంచి కూతురు వచ్చింది. వచ్చీ రాగానే ఏడుస్తూ ఫూల్మనీ మెడ చుట్టూ చేతులు వేసింది. ఒకప్పుడు ఈ ఇద్దరి మధ్య మాటల్లేని రోజులు కూడా ఉన్నాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

పెద్దమ్మ నాకు రక్తసంబంధి కాదు. మా నాన్న, ఆమె భర్త ఒకే బాయిలో ఒకే షిఫ్టు చేసేవాళ్లు. బొగ్గుబావిని మేము బాయి అనే అంటాం. మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ పక్కపక్కన ఉండేవి. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆయన గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగానికి బదులు ఆమెకు కంపెనీ దవాఖానలో ఆయా పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా అదే పని చేసింది. దవాఖానకు ఎవరు వచ్చినా అందరూ ముందు ఏమైందని అడుగుతారు. పెద్దమ్మ మాత్రం, "నీ ఎంబడి ఎవలొచ్చిండ్రు?" అని అడిగేది. ఎవరూ రాలేదంటే, "మరి నేనున్న గదా, కూసో" అని తన స్టూలు జరిపి ఇచ్చేది. డ్యూటీ అయిపోయినా ఆ మనిషిని డాక్టరు చూసేదాకా ఇంటికి వచ్చేది కాదు. మా అమ్మ వేడివేడిగా వండిపెట్టిన అన్నం ఆమె కోసం ఎన్నిసార్లు చల్లారిపోయిందో లెక్కలేదు.

మా మందిరం, అంటే మా చర్చి, చౌరస్తా వెనక సందులో ఉంటుంది. ఒక పక్క బండ్లు బాగుచేసే షెడ్డు, ఇంకో పక్క టైలరు చాచా దుకాణం. ఆదివారం పొద్దున తాళం తీసి, ఊడ్చి, చాపలు పరిచి, గుమ్మం దగ్గర నిలబడటం పెద్దమ్మ తనంతట తాను పెట్టుకున్న పని. కొంగున లవంగాలు ముడి వేసుకునేది. ప్రసంగం మధ్యలో ఎవరైనా దగ్గితే వంగి వంగి నడుచుకుంటూ వెళ్లి వాళ్ల చేతిలో ఒక లవంగం పెట్టి వచ్చేది. మా అయ్యగారు, అంటే పాస్టరు, ఒకసారి నవ్వుతూ, "పెద్దమ్మా, నా వాక్యం కన్నా నీ లవంగానికే ఎక్కువమంది ఎదురుచూస్తున్నరు" అన్నారు. "వాక్యం ఇనాల్నంటె దగ్గు తగ్గాలె గదయ్యా" అందామె.

మందిరంలో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఏర్పడిన వరుస ఒకటి ఉండేది. ముందు పర్మినెంటు ఉద్యోగుల ఇళ్లవాళ్లు, వాళ్ల పక్కన పెన్షనర్లు, బాగా వెనక కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్లు. అందరం ఒకనాడు ఊళ్ల అంచుల నుంచి బాయిపని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల పిల్లలమే. అయినా క్వార్టర్లు, బోనసులు, పెన్షన్లు వచ్చాక మాలో మాకే గీతలు పడ్డాయి. ఆ గీతలు అప్పట్లో నాకు కనిపించేవి కావు. ముందు వరుసలో కూర్చునేవాళ్లకు వెనక ఎవరున్నారో కనిపించదు కదా.

ఏడెనిమిదేళ్ల కింద ఒక ఎండాకాలం ఆదివారం. రెండో పాట పాడుతున్నాం. నేను పాటల బృందంలో కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. బయట, గేటు దగ్గర ఏడుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఎండలో నిలబడి ఉండటం కనిపించింది. బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నారు. బట్టల నిండా ఓపెన్‌కాస్టు మట్టి. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నారు. మా పాట రాగం వాళ్లకు తెలుసు, మాటలు తెలియవు. పెదవులు మూసుకుని రాగం మాత్రం తీస్తున్నారు. నేను చూసి మళ్లీ పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను. అది ఇవాళ దాచుకోవడం ఎందుకు?

పెద్దమ్మ గుమ్మం దిగి వాళ్ల దగ్గరికి వెళ్లింది.

"ఎవలయ్యా మీరు?"

వాళ్లలో ఒకతను చేతులు జోడించి, తామూ క్రైస్తవులమేనని, దారిలో ఆటో అతన్ని అడిగితే ఈ చర్చి చూపించాడని హిందీలో చెప్పాడు. అతనే సోమ్రా. పెద్దమ్మకు దవాఖానలో నేర్చుకున్న హిందీ మూడు ముక్కలు. అందులో మొదటిది వాడింది. "అందర్ ఆవ్."

లోపల చోటు లేదు. ఆమె నేరుగా ముందు వరుస దగ్గరికి తీసుకొచ్చింది. "జరుగుండ్రి. జరిగితె ఇంక పదిమంది పడ్తరు" అంది. జరిగారు, మొహాలు మాడ్చుకుని. రెండో ముక్క "బైఠో" అంటూ వాళ్లను కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఇంకేదో ఆప్యాయంగా అనాలనుకుంది పాపం. మిగిలింది మూడో ముక్క ఒక్కటే. అదే నోట్లోంచి వచ్చింది. "దర్ద్ కహా హై?" నొప్పి ఎక్కడుంది అని. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఎన్నో ఏళ్లు సోమ్రా ఆమెను చూడగానే "దర్ద్ కహా హై, ఆయో?" అని ఆటపట్టించేవాడు. ఆయో అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ.

మరుసటి ఆదివారం వాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. ఆ తర్వాత ఇంకొందరు. చాపలకు మట్టి అంటుతోందని, మన పిల్లలకే కూర్చునే చోటు లేదని, వాళ్లకు తెలుగే రాదు కదా ఇక్కడ ఏం చేస్తారని మాటలు మొదలయ్యాయి. అన్నింటికన్నా గట్టిగా అన్నది బాయిలో ఓవర్‌మన్‌గా, అంటే పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ఉద్యోగిగా, చేసి రిటైరైన మా సంఘ పెద్ద. ఆయన చెడ్డవాడు కాదు. పెద్దమ్మ భర్తకు ప్రాణస్నేహితుడు. ఆ మందిరం గోడలకు ఇటుకలు మోసినవాళ్లలో ఒకడు. తన ఇల్లు తన చేతిలోంచి జారిపోతోందన్న భయం ఆయనది.

సంఘ పెద్దల మీటింగు పెట్టారు. అప్పుడు కార్యదర్శిని నేను. ఎవరి మనసూ నొప్పించకుండా ఒక దారి చూపించాలని రెండు రోజులు ఆలోచించాను. లేచి నిలబడి, వాళ్లకు మధ్యాహ్నం మూడు గంటలకు విడిగా హిందీ ఆరాధన పెడదాం అన్నాను. వాళ్ల భాషలో వాళ్లు హాయిగా పాడుకుంటారు, మనకూ ఇబ్బంది ఉండదు, కావాలంటే నేనే వచ్చి సాయం చేస్తాను అని కూడా అన్నాను. ఓవర్‌మన్ పెద్దాయన బాగుంది బాగుంది అన్నారు. అయ్యగారు తల ఊపారు. నాకు లోపల చిన్న గర్వం కలిగింది.

స్త్రీల సమాజం తరఫున వచ్చిన పెద్దమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. లేవకుండానే మాట్లాడింది.

"నా చిన్నప్పుడు మా ఊరి హోటల్ల మాకు వేరే గ్లాసు ఉండేది. సూరుల చెక్కి పెట్టేటోళ్లు. ఛాయ అదే, పాలు అయ్యే, పొయ్యి అదే. పోసేటాయన గూడ మంచోడే, నవ్వుకుంటనే పోసేటోడు. గ్లాసు ఒక్కటే వేరే. మూడు గంటల ఆరాధన గూడ గసొంటి గ్లాసే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె నా వైపు తిరిగింది. ఇప్పుడు నన్ను నలుగురిలో దులిపేస్తుంది అనుకున్నాను.

"నీకు గా గ్లాసు తెల్వది బిడ్డ. నువ్వు తెల్వకుంట పెరగాల్ననే మీ నాయిన బాయిల దిగిండు. నీ తప్పు గాదు."

తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ మాట మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది.

ఓవర్‌మన్ పెద్దాయన ఊరుకోలేదు. "వదినా, నువ్వన్నది నిజమే. మరి భాష సంగతేంది? వాళ్లకు మనది రాదు, మనకు వాళ్లది రాదు. కండ్లు మిటకరించుకుంట కూసునుడేనా?"

"మన సంఘంల హిందీ పంతులమ్మ ఉన్నది గదా" అని పెద్దమ్మ నన్ను చూసింది. "ఏమే, నీ హిందీ బడికాడికేనా?"

నా ప్రతిపాదన అక్కడితో పోయింది. ఆ మరుసటి ఆదివారం నుంచి వాక్యం తెలుగులో చదివాక నేను హిందీలో చదివేదాన్ని. ప్రసంగంలోని ముఖ్యమైన మాటలు వాళ్ల పక్కన కూర్చుని మెల్లగా చెప్పేదాన్ని. రోజూ ఆరు పీరియడ్లు హిందీ చెప్పే నాకు, ఆ భాష నిజంగా అవసరమైన మనుషులు ఎదురుపడింది అప్పుడే. ఇంకో పక్క ఓవర్‌మన్ పెద్దాయన, ఆయనతో పాటు మూడు కుటుంబాలు రావడం మానేశాయి.

ఆ వారమే ఒక సాయంత్రం పెద్దమ్మ నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "నాకు గూడ నేర్పు" అంది. అరవై దాటిన మనిషి. తెలుగే కూడబలుక్కుని చదివేది. అక్షరాలు పట్టుకుంది గానీ, హిందీలో ఆడవాళ్లకో రకం, మగవాళ్లకో రకం మాట మారడం ఆమెకు ఎన్నటికీ మింగుడు పడలేదు. ఎప్పుడొచ్చావని ఆడపిల్లను అడిగినట్టే సోమ్రాను పట్టుకుని "తూ కబ్ ఆయీ?" అనేది. సరిదిద్దబోతే, "వచ్చుడు ఒక్కటే గదనే! మొగోడు కాళ్లతోని వస్తడు, ఆడిది గూడ కాళ్లతోనే వస్తది" అని నన్నే గదమాయించేది.

ఒకరోజు ఫూల్మనీకి పన్ను నొప్పి లేచి చెంప బూరెలా వాచింది. కాంట్రాక్టు పనివాళ్లకు కంపెనీ దవాఖాన వర్తించదు. పెద్దమ్మ ఆమెను సర్కారు దవాఖానకు తీసుకెళ్తూ భాష కోసం నన్నూ వెంట రమ్మంది. ఆటోలో ఫూల్మనీ చెంప పట్టుకుని ఏడుస్తూ తన ఇంటి భాషలో ఏదో అంది. పెద్దమ్మ ఆమె నోట్లో లవంగం పెడుతూ టక్కున ఆగింది.

"ఏమన్నది? పల్లు అన్నదా?"

ఫూల్మనీ "పల్ల్, పల్ల్" అని మళ్లీ అంది. వాళ్లది కుడుఖ్ భాష. వాళ్ల ఊళ్లో ఇళ్లలో అదే మాట్లాడుకుంటారు. పెద్దమ్మ తన కన్ను చూపించి దీన్ని ఏమంటారని సైగ చేసింది. "ఖన్న్." మూడు వేళ్లు చూపించింది. "మూంద్." నాలుగు. "నాఖ్." పెద్దమ్మ ఆటో అదిరేట్టు చప్పట్లు కొట్టింది. ఆ భాషా మన తెలుగూ ఏనాడో ఒకే కుదురు నుంచి చీలినవని తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. పెద్దమ్మకు చదవాల్సిన పని లేకపోయింది.

"సూసినవా పంతులమ్మా! పల్లు ఒక్కటే, కన్ను ఒక్కటే. ఇది పరాయి పిల్ల గాదు. ఎన్నడో తొవ్వ తప్పిన మన చుట్టం."

అప్పటినుంచి ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర వాళ్లను "రాండ్రి చుట్టాలూ" అని పిలిచేది. ముందు వాళ్లకు చోటు చూపించేది. మందిరంలో భోజనాలు పెట్టినప్పుడు ముందు వాళ్లకే వడ్డించేది. వాళ్లను చీపురు ముట్టనిచ్చేది కాదు, గిన్నెలు కడగనిచ్చేది కాదు. అది చూసి నాకు ముచ్చటగా ఉండేది. అట్లా రెండేళ్లు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఫూల్మనీ ఎంగిలి విస్తరాకులు ఎత్తబోయింది. పెద్దమ్మ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు కూసో బిడ్డ. చుట్టానివి, నువ్వెందుకు ఎత్తుడు?"

ఫూల్మనీ అప్పటికి తెలుగు బాగానే నేర్చుకుంది. విసుగూ కోపమూ ఏమీ లేకుండా, చాలా రోజులుగా లోపల ఉన్న మాటలా అడిగింది.

"పెద్దమ్మా, మేం ఎన్ని రోజులు చుట్టాలం?"

పెద్దమ్మకు అర్థం కాలేదు. "ఏందే?"

"చుట్టం పని చెయ్యది. చుట్టం నాలుగు రోజులు ఉంటది, పోతది. మేం పోం పెద్దమ్మా. నా చిన్న బిడ్డ ఈడనే పుట్టింది."

పెద్దమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. ఆమె మాట తడుముకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత అందరూ వింటుండగానే అంది. "తప్పయింది బిడ్డా. మర్యాద చేస్తున్న అనుకున్న గాని, గడప కాడనే నిలబెట్టిన అని తెల్వకపాయె." ఆ వయసు మనిషి, తన కూతురి కన్నా చిన్నదాని దగ్గర, అంత మందిలో తప్పు ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. పక్కకు జరిగి విస్తరాకులు ఎత్తడానికి చోటిచ్చింది. ఇద్దరూ కలిసి ఎత్తారు.

ఆ శనివారం పెద్దమ్మ మందిరం తాళంచెవి తీసుకెళ్లి ఫూల్మనీ చేతిలో పెట్టింది. ఆదివారం తాను కావాలని ఆలస్యంగా వచ్చింది. ఫూల్మనీ ఊడ్చి, చాపలు పరిచి, గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దమ్మ అందరిలాగే చెప్పులు విడిచి, ఆమె చూపించిన చోటికి వెళ్లి కూర్చుంది. "తాళం వాళ్ల చేతికిచ్చుడేంది?" అని ఎవరో గొణిగితే, "ఇంటి తాళం ఇంటోళ్లకు గాక ఎవలకిస్తరు?" అంది. అదే నెలలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లందరి పేర్లూ సంఘ సభ్యుల పుస్తకంలో రాయించింది. ఒక్కో పేరు నేను రాశాక పైకి చదివించి, సరిగ్గా పలికానా లేదా అని సోమ్రాను అడిగేది.

ఈ రోజుల్లోనే ఆమె ప్రతి శనివారం ఓవర్‌మన్ పెద్దాయన ఇంటికి వెళ్లి వచ్చేది. మందిరం మాట ఎత్తేది కాదట. ఆయన మోకాళ్ల నొప్పుల గురించి, మనవల చదువుల గురించి మాట్లాడి, టీ తాగి వచ్చేదట. "మందిరానికి రమ్మని అడగవా?" అన్నాను ఒకసారి. "ఆయనకు తొవ్వ తెల్వదా? నేను పోకుంటె ఇంక మొత్తానికే తెగిపోతది, గందుకు పోతున్న" అంది. నెలల తరబడి అట్లా తిరిగింది.

మరుసటి ఎండాకాలం మనవలను చూద్దామని సోమ్రా తల్లి జార్ఖండ్ నుంచి వచ్చింది. చాలా ముసలావిడ. వచ్చిన పదిరోజులకే జ్వరం తగిలి పోయింది. అంత దూరం, ఆ ఎండల్లో తీసుకెళ్లే దారి లేదు. మా సమాధుల తోట చిన్నది. పాత కుటుంబాలన్నీ ఎవరి చోటు వాళ్లు గుర్తు పెట్టుకున్నవే. సంఘ పెద్దలు తలలు పట్టుకున్నారు. సభ్యుల పుస్తకంలో కొడుకు పేరుంది గానీ తల్లి పేరు లేదు అన్నారు ఒకరు. గోదావరి ఒడ్డున ఎక్కడైనా చూద్దాం అన్నారు ఇంకొకరు. సోమ్రా గోడ పక్కన నిలబడి వింటున్నాడు. అంతా అర్థమయ్యేంత తెలుగు అప్పటికి అతనికి వచ్చు.

"నా చోటున్నది గదా" అంది పెద్దమ్మ.

భర్త సమాధి పక్కన తన కోసమని ముప్పై ఏళ్లుగా ఆమె ఉంచుకున్న చోటు అది. చుట్టూ నాలుగు రాళ్లు పాతి, ప్రతి ఏడూ సమాధుల పండుగకు సున్నం వేసుకునేది. అందరూ వద్దంటే వద్దన్నారు. ఒక ముసలామె అయితే బుగ్గలు నొక్కుకుని, "నీ మొగని పక్కన పరాయి ఆడిదాన్ని పండబెడ్తవా?" అంది.

"ముప్పై ఏండ్లు ఒంటిగ పండిండు. ఎవలో ఒకలు తోడుంటె నాకేం నొప్పే?" అంది పెద్దమ్మ. అంత దుఃఖంలోనూ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సోమ్రా మాత్రం ఆమె కాళ్లు పట్టుకున్నాడు. ఆమె వంగి అతన్ని లేపింది. "లెవ్వు. మీ అమ్మ ఎంబడి ఎవలొచ్చిండ్రు అని అడిగితె, మేమందరం వచ్చినం అని చెప్పాలె. నడువు."

ఇది అందరూ మెచ్చిన పని కాదు. మంచిర్యాల నుంచి కూతురు వచ్చి గట్టిగా ఏడ్చింది. "మా నాయిన పక్కన చోటు, నన్ను ఒక్క మాట అడగాల్నా లేదా?" అంది. మూడు నెలలు తల్లితో మాట్లాడలేదు. ఫూల్మనీ ఎదురైతే మొహం తిప్పుకునేది. ఆ విషయంలో కూతురి బాధ నాకు అర్థమవుతుంది. పెద్దమ్మ ఆమెను అడిగి ఉండాల్సింది. చివరికి పెద్దమ్మే మంచిర్యాల వెళ్లి, కూతురి ఇంట్లో వారం రోజులు ఉండి, ఆమెను సముదాయించి వచ్చింది. ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. మరుసటి సమాధుల పండుగకు కూతురు వచ్చి రెండు సమాధులకూ తానే పూలు పెట్టింది.

ఆ ముసలావిడ భూస్థాపన రోజే ఇంకో సంగతి జరిగింది. ఓవర్‌మన్ పెద్దాయన కర్ర పట్టుకుని ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. "నా దోస్తు పక్కకు ఎవలను పెడ్తున్నరో సూద్దామని వచ్చిన" అన్నాడు, ఎవరూ అడగకుండానే. వాళ్ల పాట అయ్యేదాకా నిలబడ్డాడు. అందరితో పాటు గుప్పెడు మట్టి వేశాడు. వెళ్లేముందు సోమ్రా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం మందిరంలో వెనక కుర్చీలో కనిపించాడు. హిందీ పాట మొదలైతే మాత్రం ఇప్పటికీ నోరు విప్పడు. ఆ మాట నేను పెద్దమ్మతో అంటే, "నోరు మూసుకోని అయినా కూసున్నడు గదా. సాలు" అంది.

మనుషులను చేర్చుకోవడం అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదివాను, సభల్లో విన్నాను. పెద్దమ్మ దగ్గర చూసింది వేరు. ఆమె ఎవరికీ ఏదీ దానం చేస్తున్నట్టు చేసేది కాదు. తాను జరిగి కూర్చునేది, అంతే. జరిగేటప్పుడు ఆమెకూ మోకాలు నొచ్చేది. కూతురు దూరమైంది, పాత స్నేహితుడు దూరమయ్యాడు. ఆ నొప్పి ఉండదని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇద్దరినీ మళ్లీ దగ్గరికి తెచ్చుకునే పని కూడా తానే చేసింది, వేరే ఎవరికీ వదల్లేదు.

బుధవారం మధ్యాహ్నం ఆమెను తీసుకెళ్లాం. టైలరు చాచా దుకాణం మూసి, తోవలో అందరికీ మంచినీళ్లు పోశాడు. పెట్టెను ఒక పక్క మా పెన్షనర్ల కొడుకులు, ఇంకో పక్క డంపర్ డ్రైవర్లు మోశారు. భర్త సమాధికి దగ్గరలోనే ఎక్కడైనా సర్దుదామని అయ్యగారు అంటే కూతురే వద్దంది. "అమ్మ నాకు సూపెట్టింది. గోడ పక్కన, చోటు లేనోళ్ల వరుసల పెట్టమన్నది" అంది. సోమ్రా తల్లి పోయిన తర్వాత మొదలైన ఆ వరుసలో అప్పటికే ఇద్దరు కాంట్రాక్టు పనివాళ్లు ఉన్నారు.

తెలుగు పాట అయింది. తర్వాత సోమ్రా వాళ్లు కుడుఖ్‌లో ఒక పాట ఎత్తుకున్నారు. ఓవర్‌మన్ పెద్దాయన ఎప్పటిలాగే నోరు విప్పలేదు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మట్టి వేయడం అయ్యాక జనం ఒక్కొక్కరే గేటు వైపు కదిలారు.

అప్పుడు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. మాకు అది రోజూ ఉండేదే. నడిచేవాళ్లు అట్లాగే ఆగారు. దూరంగా గుడుమని చప్పుడైంది. అదురు నేలలోంచి వచ్చి కాళ్లకు తాకింది. కొత్తగా పోసిన మట్టి అంచుల నుంచి మెల్లగా జారడం మొదలుపెట్టింది. ఫూల్మనీ మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ ఆ మట్టి మీద ఆనించి, అదురు పూర్తిగా ఆగేదాకా కదలకుండా పట్టుకుంది.